త్రీనాట్‌త్రీని దాచుకోవడమంటే ఏం దాచినట్టు?

ఎన్‌సీసీలో చేరిన మొదటి వారం నా చేతికిచ్చిన రైఫిల్ కాల్చడానికి కాదు, మోయడానికి. డీపీ రైఫిల్ అంటారు దాన్ని, డ్రిల్ పర్పస్. గొట్టానికి చిల్లు పెట్టి, పేలకుండా చేసి, కవాతు కోసం మిగిల్చిన పాత త్రీనాట్‌త్రీ, అంటే .303 అంగుళాల తూటా పట్టే లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్. దాదాపు నాలుగు కిలోలుంటుంది. ఎండలో అరగంట భుజాన పెట్టుకున్నాక ఆ వయసులో నాకు తెలిసింది దాని బరువొక్కటే. ట్రిగ్గర్ వెనక, కొయ్యా ఇనుమూ కలిసే చోట ఒక ఇనుప పట్టీ ఉంటుందనీ, దాని కుడి పక్కన కొన్ని వరుసల రాత ఉంటుందనీ, ఆ రాత కోసమే దేశదేశాల్లో ఈ తుపాకుల్ని పోగేసేవాళ్లున్నారనీ చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

ఆ రాతను శాసనం చదివినట్టు చదవాలి. పైన కిరీటం. దాని కింద రాజుగారి పొడి అక్షరాలు. ఇంగ్లండ్ సైన్యానిదైతే జి.ఆర్. (లాటిన్‌లో జార్జ్ రాజు), మన దేశంలో చేసినదైతే జి.ఆర్.ఐ. ఆ చివరి ‘ఐ’ ఇంపరేటర్, అంటే చక్రవర్తి. అక్కడ రాజు, ఇక్కడ చక్రవర్తి అన్న తేడాని తుపాకీ మీద కూడా కొట్టించారన్నమాట. ఆ కింద ఫ్యాక్టరీ పేరు: ఎన్‌ఫీల్డ్, బర్మింగ్‌హామ్ వాళ్ల బీఎస్ఏ, ఆస్ట్రేలియాలోని లిత్‌గో, లేదా కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డునున్న మన ఇషాపూర్. తర్వాత సంవత్సరం. అన్నిటికన్నా కింద రకం: షార్ట్ లీ-ఎన్‌ఫీల్డ్, రోమన్ అంకెల్లో మార్క్ 3. ఆ అంకె పక్కన ఒక్కోసారి చిన్న నక్షత్రం కనిపిస్తుంది.

ఆ నక్షత్రానికో కథ ఉంది. 1907లో మార్క్ 3 వచ్చినప్పుడు దాన్ని తీరిగ్గా, ముచ్చటగా చేసేవారు. పది తూటాల మ్యాగజైన్‌ని దాచి ఉంచి ఒక్కో తూటానే పెట్టి కాల్చుకునేలా అడ్డుగా ఒక రేకు, మైలున్నర దూరాన ఉన్న గుంపు మీదికి గురి పెట్టడానికి పక్కన ఇంకో గురి ముక్క. మొదటి ప్రపంచ యుద్ధం ముదిరి రోజుకు ఎన్ని రైఫిళ్లు చేసినా చాలని పరిస్థితి వచ్చింది. దాంతో 1916లో ఆ రెండూ తీసేశారు. తీసేసినందుకు గుర్తే ఆ నక్షత్రం. చేత్తో పట్టుకున్న వస్తువు మీద ఒక సైన్యం కంగారు కనిపించడం అరుదు. ఇక్కడ కనిపిస్తుంది.

1947 తర్వాత ఇషాపూర్ రైఫిళ్ల మీద కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. తుపాకీ మాత్రం అదే. బ్రిటన్ రెండో ప్రపంచ యుద్ధంలోనే నంబర్ 4 అనే కొత్త రకానికి మారిపోయింది. మనం పాత నమూనానే కొనసాగించాం. 1962 చైనా యుద్ధంలో మన జవాన్ల చేతిలో చాలావరకు ఉన్నది ఇదే. ఆ దెబ్బ తర్వాత సైన్యం 7.62 మిల్లీమీటర్ల తూటా వైపు కదిలింది. పాత లీ-ఎన్‌ఫీల్డ్ నమూనానే గట్టి ఉక్కుతో, 7.62 తూటాకు సరిపడేలా ఇషాపూర్‌లో మళ్లీ చేశారు. దాని పేరు 2ఏ. పోలీసుల దగ్గర మాత్రం .303 ఇంకో అరవై ఏళ్లు నడిచింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పింది 2020 జనవరి 26 కవాతులో.

పాతదైతే చాలదు

పాత కుర్చీ కొనేవాళ్లు దానికి పాలిష్ కొట్టించి మురిసిపోతారు. రైఫిల్ పోగేసేవాళ్లకు అదే పెద్ద పాపం. వాళ్లు వెతికేది మెరుపు కాదు, జోడీ కుదరడం. బోల్ట్ (తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే కడ్డీ) మీద నంబరు, బాడీ మీద నంబరు, మూతి దగ్గరి ఇనుప టోపీ మీద నంబరు ఒకటేనా? కొయ్యలో కొట్టిన తనిఖీదారు ముద్రలు చెరగకుండా ఉన్నాయా? మరమ్మతు చేస్తే ఎవరు చేశారు, సైన్యం వర్క్‌షాపా, ఎవరి పెరట్లోని మెకానిక్కా?

ఇషాపూర్ రైఫిల్ ఇక్కడ మంచి ఉదాహరణ. కింది కొయ్యలో, మ్యాగజైన్‌కు ముందు, మిగతా దేశాల రైఫిళ్లలో లేని ఒక అదనపు మర ఉంటుంది. తెలియనివాళ్లు దాన్ని ఎవరో తర్వాత బిగించిన అతుకు అనుకుంటారు. కొన్నిటికి ముందు భాగమంతా రాగి తీగ బిగించి చుట్టి ఉంటుంది. అదీ విరిగిన కొయ్యకు కట్టు కాదు. మూతికి గిన్నె లాంటిది తగిలించి, ఖాళీ తూటాతో గ్రెనేడ్ విసిరే రైఫిళ్లకు కొయ్య పగలకుండా అలా చుట్టేవారు. చాలా ఇషాపూర్ రైఫిళ్ల ఇనుము మీద నల్ల రంగు పూత కూడా ఉంటుంది. చూడ్డానికి గేటుకు వేసిన పెయింటులా మొరటుగా ఉంటుంది గానీ, అది సైన్యం వేసిన రంగే. అమెరికాలో వీటిని కొన్న ఔత్సాహికులు కొందరు తీగ విప్పేసి, రంగు గీకేసి, ‘బాగు చేశాం’ అనుకున్నారు. పొరబాటు తెలిసేటప్పటికి తీగ చెత్తబుట్టలో ఉంది.

అక్కడ తుపాకులు పోగేసేవాళ్లలో ఒక మాట బాగా చెల్లుతుంది: తుపాకీని కొను, దానితో చెప్పే కథను కొనకు. మనకు ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుందనిపిస్తుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా దాడి చేసి ఇరవయ్యారు తుపాకులు పట్టుకెళ్లాడు. ఏమేం తీసుకెళ్తున్నాడో రిజిస్టరులో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడని చెబుతారు. ఇప్పుడు ఎవరైనా ఒక పాత పోలీసు తుపాకీ చూపించి ‘ఇది ఆ ఇరవయ్యారింటిలో ఒకటి’ అంటే? స్టేషన్ లెక్కల్లోని నంబరూ తుపాకీ మీది నంబరూ కలిస్తే అది చరిత్ర. కలవకపోతే అది పాత తుపాకీ, ఒక మంచి కథ. రెండూ విడివిడిగానే బాగుంటాయి.

వయసు కాదు, తూటా

చాలామంది తికమక పడేది ఇక్కడే. వందేళ్ల పాత వస్తువు, మ్యూజియం సరుకు, దానికి లైసెన్స్ ఎందుకు? ఈ ప్రశ్నకు ఒక్కో దేశం ఒక్కో కొలబద్దతో జవాబిస్తుంది.

అమెరికా క్యాలెండర్ చూస్తుంది. 1898 చివరిలోగా తయారైందా? అయితే కేంద్ర చట్టం లెక్కలో అది పురాతన వస్తువు, మామూలు తుపాకీ కాదు. యాభై ఏళ్లు దాటిందా? అలాంటివి పోగేసేవాళ్లకని వేరే లైసెన్స్ ఉంది. ఫీజు 30 డాలర్లు, మూడేళ్లు చెల్లుతుంది, కొన్నదీ అమ్మిందీ ఒక పుస్తకంలో రాసుకోవాలి. బయటి దేశం నుంచి తెప్పించిన వ్యాపారి తన పేరూ ఊరూ తుపాకీ మీద కొట్టి తీరాలి. 1917 నాటి కిరీటం పక్కనే అమెరికా దిగుమతిదారు పేరు చూసి పోగేసేవాళ్లు పళ్లు నూరుకుంటారు. నాకైతే అదీ ఆ తుపాకీ ప్రయాణంలో ఒక మజిలీయే.

బ్రిటన్ క్యాలెండర్‌తో పాటు తూటానూ చూస్తుంది. ఆ తూటా ఇప్పుడు దొరకని రకమై ఉండాలి, దాని పేరు ప్రభుత్వ జాబితాలో ఉండాలి. 1870ల మార్టిని-హెన్రీ రైఫిల్ తూటా ఆ జాబితాలో ఉంది కాబట్టి దాన్ని అలంకారంగా గోడకు తగిలించుకోవచ్చు. .303 తూటా ఇంకా తయారవుతోంది. కాబట్టి 1916 లీ-ఎన్‌ఫీల్డ్‌కు, దాన్ని కనిపెట్టిన దేశంలోనే, పోలీసుల సర్టిఫికెట్ కావాలి. లేదా లోపల వెల్డింగ్ చేయించి పనికి రాకుండా చేయించాలి. బయటికి అంతా ఉంటుంది, లోపల ఉక్కు ముద్ద. దీన్ని మమ్మీ చేయడంతో పోల్చొచ్చు.

మన చట్టం చూసేది తూటానే. 1959 ఆయుధాల చట్టం, దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం సైన్యం వాడే .303, 7.62 తూటాలు పట్టే రైఫిల్ ఏదైనా ‘ప్రొహిబిటెడ్ బోర్’, అంటే నిషేధిత రకం. అది 1910లో చేసిందా, 1990లో చేసిందా అన్నది అనవసరం. కలెక్టరాఫీసులో ఇచ్చే మామూలు లైసెన్స్ దానికి సరిపోదు, కేంద్రం అనుమతి కావాలి. 2019 సవరణ తర్వాత అనుమతి లేకుండా అలాంటిది దగ్గరుంటే ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు జైలు.

ఈ కొలబద్ద స్వతంత్ర భారతం కనిపెట్టింది కాదు, వారసత్వంగా వచ్చింది. సైన్యం తూటా జనం చేతికి చిక్కకూడదన్నది తెల్లదొరల భయం. ఆ భయానికి రెండు విచిత్రమైన పిల్లలు పుట్టాయి. ఒకటి .315. లైసెన్స్ రైఫిల్‌గా మన రైతుల ఇళ్లలో, ఎస్టేట్లలో కనిపించేది ఇదే. లోపలి యంత్రాంగం లీ-ఎన్‌ఫీల్డ్‌దే, చేసేదీ ఇషాపూర్ ఫ్యాక్టరీయే, తూటా మాత్రం వేరు. రెండోది .410 మస్కట్. సాక్షాత్తూ .303 రైఫిల్‌నే తీసుకుని, గొట్టం లోపలి గాడులు పోయేలా నున్నగా తొలిచి, మ్యాగజైన్ స్థానంలో చెక్క దిమ్మ పెట్టి, ఒక్కోసారి ఒక్క తూటాయే పేలేలా మార్చి పోలీసులకు, జైలు గార్డులకు ఇచ్చారు. ఎవరైనా లాక్కున్నా సైన్యం తూటా అందులో పనిచేయదు. తన పోలీసునే పూర్తిగా నమ్మని ప్రభుత్వానికి ఇంతకంటే చక్కటి ఫొటో దొరకదు. ఆ .410 మస్కట్ కూడా ఇప్పుడు మన నిషేధిత జాబితాలోనే ఉంది!

‘పురాతనమైతే మినహాయింపు ఉందటగా’ అని ఒక వాదన తరచూ వినిపిస్తుంది. ఉంది, 45వ సెక్షన్‌లో. కాలం చెల్లిన రకం, పురాతన విలువ ఉన్నది, లేదా పాడైపోయినది చట్టం పరిధిలోకి రాదు. కానీ వాక్యం అక్కడితో ఆగదు. మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికి రానిదై ఉండాలి అంటుంది. ఫైరింగ్ పిన్ తీసేసినంత మాత్రాన త్రీనాట్‌త్రీ ఈ గీత దాటదు, పిన్ మళ్లీ పెట్టొచ్చు కదా. ‘యాంటిక్ పీస్, పేపర్లు అక్కర్లేదు’ అని ఎవరైనా ఫోన్లో ఫొటోలు చూపిస్తే ఆ అర వాక్యం గుర్తు చేసుకోండి.

తాతగారి అటక మీద ఏదైనా దొరికితే సంగతి వేరు. ముట్టుకోకముందే అందులో తూటా ఉందనే అనుకోవాలి. బోల్ట్ లాగి చూడబోవద్దు. స్టేషన్‌కు తెలియజేసి, వాళ్ల దగ్గర గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి, వారసుడిగా దరఖాస్తు పెట్టుకోవడం దారి. అదే 2019 సవరణ ఒక మనిషికి ఉండగలిగే తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది, తాతలనాటివైనా అందులోకే లెక్క.

అందుకే మన దగ్గర ఈ సరదా ఉన్నవాళ్లు ఎక్కువగా చుట్టుపక్కల సామాను దగ్గర ఆగిపోతారు: భుజానికి తగిలించే పట్టీ, నూనె సీసా, తూటాలు పేర్చే క్లిప్పు, శిక్షణ పుస్తకాలు, తాత యూనిఫాం ఫొటో. బయోనెట్ సంగతి జాగ్రత్త. దాని అలుగు పదిహేడు అంగుళాలు, కొన్ని చోట్ల దానికీ లైసెన్స్ అడుగుతారు.

ఖట్మండు నుంచి ఓడలెక్కిన తుపాకులు

ఈ చిక్కుముడిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది నేపాల్ సంగతి. ఖట్మండులో ఒక పాత ప్యాలెస్‌లో, లగన్ సిలేఖానాలో, తరతరాలుగా నేపాల్ సైన్యం వాడి పక్కన పడేసిన ఆయుధాలు గుట్టలుగా పడి ఉండేవి. 2003లో ఆ మొత్తాన్ని, యాభై వేలకు పైగా తుపాకుల్ని, అమెరికా వ్యాపారులు కొనుక్కుపోయారు. ఈస్టిండియా కంపెనీ కాలం నాటి చెకుముకి తుపాకులు, మార్టిని-హెన్రీలు, నేపాల్‌లోనే చేసిన గహేంద్ర రైఫిళ్లు. ఇవాళ అమెరికాలో ఎవరో ఒకాయన మట్టీ జిడ్డూ పట్టిన గహేంద్రను కొని, వారాల తరబడి శుభ్రం చేసి, దాని మీది దేవనాగరి అంకెల్ని భూతద్దంతో చదువుతున్నాడు.

దీన్ని దోపిడీ అనలేం, డబ్బిచ్చే కొన్నారు. ఆ గదిలోనే ఉంటే చెదలూ తుప్పూ తినేసేవి. అయినా ఒక దేశపు ఆయుధ చరిత్ర మొత్తం విడివిడి పార్సిళ్లుగా మారిపోయింది. మన దగ్గర ఇంకో రకం. సాలార్‌జంగ్ మ్యూజియంలో, చౌమహల్లాలో కత్తులు, నగిషీ పిడుల బాకులు, ఒత్తి తుపాకులు కళ్లు చెదిరేలా ఉంటాయి. కానిస్టేబుల్ భుజం మీద అరిగిన త్రీనాట్‌త్రీని వారసత్వం అని ఎవరూ అనుకోరు. కండెమ్ చేశాక ముక్కలు చేసి కరిగించడమే ఆనవాయితీ. భద్రత దృష్ట్యా అది సబబే. కరిగించే ముందు ఆ ఇనుప పట్టీ మీది రాతని ఒక్క ఫొటో తీస్తే భద్రతకు వచ్చే లోటేమీ లేదు.

ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో ప్యాటర్న్ రూమ్ అని ఒకటుండేది. కొత్త రకం చేసిన ప్రతిసారీ ఒక నమూనాకు సీలు వేసి అక్కడ పెట్టేవారు, మిగతా ఫ్యాక్టరీలన్నీ దానితో పోల్చుకుని చేయాలి. 1988లో ఫ్యాక్టరీ మూతపడ్డా ఆ గదిలోని సరుకు చెదిరిపోలేదు. నాటింగ్‌హామ్ మీదుగా చివరికి లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్‌కు చేరింది.

ఉప్పు, నూనె, చెమట

ఇక కాపాడే పని. లైసెన్స్ ఉన్న .315కైనా, తాతల నాటి పన్నెండు బోరు తుపాకీకైనా, మ్యూజియంలోని త్రీనాట్‌త్రీకైనా ఇదే వర్తిస్తుంది.

పాత సైనిక తూటాల అడుగున ఉండే మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక గొట్టంలో మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే మన వంటింటి ఉప్పుకు దగ్గర చుట్టం. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే ఏమవుతుందో తెలుసు కదా. గొట్టంలోనూ అదే జరుగుతుంది, చెమ్మ లాగుతుంది, లోపల తుప్పు గుంటలు పడతాయి. నూనె ఎంత పోసినా లాభం లేదు, ఉప్పు నూనెలో కరగదు. అందుకే బ్రిటిష్ సైనికుడికి గరాటు పెట్టి మరుగుతున్న నీళ్లు లీటర్ల కొద్దీ గొట్టంలో పోయమని నేర్పారు. వేడి నీళ్లు ఉప్పుని కడిగేస్తాయి, వేడెక్కిన ఇనుము తనంతట తనే ఆరిపోతుంది, ఆ తర్వాత నూనె. తుపాకీలో నీళ్లు పోయడమేంటని బిత్తరపోయేవాళ్లకు దాని వెనకున్న కెమిస్ట్రీ ఇంతే.

గొట్టం శుభ్రం చేసే పుల్‌త్రూ తాడు చివర గుడ్డ పీలిక పెట్టి లాగడం ఎన్‌సీసీలో ఎవరైనా చేసే ఉంటారు. తాడుని ఒక పక్కకు వంచి లాగితే మూతి అంచు మీద గాడి పడుతుంది. వేలసార్లు అలా లాగిన గొట్టాల మూతి కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిపోతుంది, గురి చెడుతుంది. నిటారుగా లాగాలి.

తుప్పు అంతా ఒకటి కాదు. వేలితో రుద్దితే నారింజ రంగు పొడి రాలేది బతికున్న తుప్పు, అది తింటూనే ఉంటుంది. నల్లగా, గట్టిగా, నున్నగా పట్టుకుపోయినది సద్దుమణిగిన తుప్పు, దాన్ని కదపకూడదు. మొదటి దానికి పల్చటి నూనె పోసి ఒక రాత్రి వదిలేసి, మర్నాడు రాగి నాణెం అంచుతోనో మెత్తటి ఇత్తడి బ్రష్‌తోనో నెమ్మదిగా తీయాలి. గరుకు కాగితం ముట్టుకోకూడదు. ముట్టుకుంటే తుప్పుతో పాటు కిరీటం, సంవత్సరం, నక్షత్రం కూడా పోతాయి.

కొయ్య దగ్గరే ఎక్కువ ఘోరాలు జరుగుతాయి. మా బంధువుల ఇంట్లో తాతగారి పన్నెండు బోరు తుపాకీ ఉండేది. పెళ్లికి ఇల్లంతా రంగులేయిస్తూ, వడ్రంగిని పిలిచి దానికీ సాండ్‌పేపర్ కొట్టించి, తలుపులకు మిగిలిన వార్నిష్ పూయించారు. డైనింగ్ టేబుల్ కాలులా తయారైంది. కొయ్య మీద చేతి చెమటకు నల్లబడిన చోటు, పాత రాతలు, అన్నీ వడ్రంగి ఊడ్చిన పొట్టులో కలిసిపోయాయి. సైన్యం కొయ్యకు వాడింది అవిసె నూనె, అదీ పల్చగా, అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్ది. ఇప్పుడూ అంతే చాలు. నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక దానంతటదే అంటుకోగలదు. దండెం మీద పరిచి ఆరేయాలి.

దాచేటప్పుడు అందంగా కనిపించే తోలు సంచే శత్రువు. తోలూ గుడ్డా చెమ్మని పట్టి ఉంచుతాయి. గాలిలో తేమ నలభై నుంచి యాభై శాతం మధ్య ఉంటే ఇనుముకూ కొయ్యకూ ఇద్దరికీ సుఖం. కాకినాడలోనో విశాఖలోనో వానాకాలంలో అది ఎనభై దాటడం మామూలు. బీరువాలో సిలికా జెల్ పెట్టి, నెల నెలా వేడి చేసి ఆరబెట్టుకోవాలి. మూతి కిందికి ఉండేలా నిలబెడితే నూనె జారి కొయ్యలోకి ఇంకదు, నూనె తాగిన కొయ్య మెత్తబడి పిప్పి అవుతుంది. ఇనుము మీద వేలిముద్ర పడితే అందులోని ఉప్పు చాలు, కొన్నాళ్లకు అదే ఆకారంలో తుప్పు తేలుతుంది. మ్యూజియాల్లో గ్లవ్స్ వేసుకునేది, పల్చటి మైనం పూత పూసేది అందుకే. ఆ పనికి చాలాచోట్ల వాడే రెనైసాన్స్ వ్యాక్స్‌ అనే మైనాన్ని 1950ల్లో బ్రిటిష్ మ్యూజియం వాళ్లే తయారు చేసుకున్నారు.

మనకు మాత్రమే ఉన్న తంటాలు రెండున్నాయి. ఒకటి ఎన్నికలు. కోడ్ రాగానే లైసెన్స్ తుపాకులు స్టేషన్‌లో అప్పజెప్పమని అడుగుతుంటారు, తిరిగొచ్చేసరికి నెలలు. ఇచ్చే ముందు గొట్టంలో, బయటా చిక్కటి గ్రీజు పట్టించి ఇవ్వడం మేలు. రెండోది దసరా ఆయుధ పూజ. పసుపూ కుంకుమా తడిపి పెట్టినచోట, బంతిపూల దండ ఆనినచోట మర్నాటికే మచ్చ తేలుతుంది. పూజ మానక్కర్లేదు, సాయంత్రమే తుడిచి నూనె రాస్తే సరిపోతుంది.

మా మావయ్య హెడ్‌కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. ఇరవై ఏళ్లు త్రీనాట్‌త్రీ మోశాడు. ఇదంతా చదువుతున్న రోజుల్లో ఒకసారి ఫోన్ చేసి అడిగాను.

“మావయ్యా, నీ రైఫిల్ సీరియల్ నంబరు గుర్తుందా?”

“అదెవడు చూశాడ్రా. బట్ నంబర్ నలభై ఏడు.”

“ఇషాపూర్‌దా, ఇంగ్లండ్‌దా?”

“నలభై ఏడు రా. తుపాకీ మడమ మీద తెల్ల పెయింటుతో రాసుండేది. ఏడు కాస్త చెరిగిపోతే నేనే దిద్దాను, స్టేషన్ బోర్డు రాసేవాడి దగ్గర కుంచె అడిగి తెచ్చి.”